ఇల్లరికం వచ్చిన పెద్దబాతు

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలకు నేను చెప్పే మొదటి సంగతి ఒకటే. ఆఫీసులో ముఖ్యమైన మీటింగు ఉన్న రోజు సెలవు పెట్టకండి. నేను పెట్టాను. మా అమ్మాయికి పన్ను పీకించడానికి బెంజి సర్కిల్ దగ్గర ఆస్పత్రిలో కూర్చుని ఉండగా, ఇక్కడ విజయవాడ అటవీ ఆఫీసులో నన్ను వలస పక్షుల సంరక్షణకు నోడల్ అధికారిని చేసేశారు.

అప్పటికి నేను సూపరింటెండెంటుని. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి కర్ర పర్మిట్లు చూసుకుంటూ హాయిగా ఉన్నాను. పక్షుల్లో నేను గుర్తుపట్టగలిగినవి రెండే రకాలు. కాకి, కాకి కానిది.

మర్నాడు మా సారు గదిలోకి వెళ్ళి అదే మాట చెప్పాను. "నాకు పక్షుల గురించి ఏమీ తెలియదండీ."

"తెలిసినవాళ్ళకిస్తే పక్షుల్ని చూస్తూ కూర్చుంటారమ్మా. మనకి కావలసింది ఫైలు కదిపే మనిషి," అన్నారాయన. మా సారు చెడ్డవారేం కాదు. ఏ పనినైనా తన బల్ల మీద నుంచి ఇంకొకరి బల్ల మీదకు నవ్వుతూ చేర్చగల నేర్పరి, అంతే.

విషయం ఏమిటంటే, ప్రతి చలికాలం హిమాలయాల అవతలి నుంచి రకరకాల పక్షులు మన కృష్ణా డెల్టా చెరువులకూ చిత్తడి నేలలకూ వస్తాయి. ఎండలు ముదిరేలోపు తిరిగి వెళ్ళిపోతాయి. వాటి దారిలో ఎక్కడో ఒకచోట చెరువు ఎండినా, వల పన్నినా, కరెంటు తీగ అడ్డం వచ్చినా మిగతా అందరూ పడ్డ శ్రమ వృథా. అందుకని ఢిల్లీలో దేశం మొత్తానికీ కలిపి ఒక ప్రణాళిక తయారుచేస్తున్నారు. అందులో మా వంతు, ఇక్కడి శాఖలన్నిటినీ భాగస్వాములను చేసి ఒక్కతాటి మీదకు తేవడం. ఆ కాగితం చదివితే నాకే ఒళ్ళు పులకరించింది.

భాగస్వాముల మొదటి సమావేశంలో ఆ పులకరింత పోయింది.

"నీళ్ళు వదలడం వరకే మా పనండీ. ఆ నీళ్ళలో ఎవరు ఈదుతున్నారో మేం చూడం," అన్నాడు కాలవల ఇంజినీరు. "తీగల మీద వాలనంతవరకు మాకేం అభ్యంతరం లేదు," అన్నాడు కరెంటు ఇంజినీరు, ఎంతో ఉదారంగా. మత్స్యశాఖ ఆయనైతే అసలు భాగస్వామి అన్న మాటకే ఒప్పుకోలేదు. "అవి తినేది మా చేపల్ని. మమ్మల్ని బాధితుల కింద రాసుకోండి," అన్నాడు. పశువైద్యుడు బిస్కెట్లు తింటూ, "కోళ్ళు, బాతులు, టర్కీలు. ఇంటికొచ్చి మేత తినేవే మావి. ఆకాశంలో తిరిగేవి మీవి," అని తేల్చేశాడు. చర్చ సుహృద్భావ వాతావరణంలో జరిగిందని మినిట్స్ రాశాను.

ఆ ఏడాది మేం నిజంగా చేసిన పని ఒక్కటే. జీపుకు మైకు కట్టి కంకిపాడు నుంచి చల్లపల్లి దాకా ఊరూరా తిప్పాం. "వలస పక్షులు మన అతిథులు. వాటిని పట్టినా, కొట్టినా, బెదిరించినా జైలుశిక్ష తప్పదు" అని మా డ్రైవరు గొంతు చించుకుని చదివాడు. అలాంటి ప్రచారం ఎవరైనా వింటారని మాలో ఎవరికీ నమ్మకం లేదు.

ఒకావిడ విన్నది.

మార్చి మొదట్లో నేను ఆఫీసుకు వెళ్ళేసరికి నా గది ముందు బల్ల మీద కూర్చుని ఉంది. చేతిలో గొడుగు, భుజాన సంచి, కాళ్ళకు మోకాళ్ళ దాకా ఎండిన బురద.

"పక్షుల మేడం మీరేనాండీ?"

"నేనే."

"మీ పక్షి వచ్చి నా మందలో పడిందండీ. వచ్చి తీసకపోండి."

ఆవిడ బాతులు మేపుతుంది. కోతలైన పొలాల్లో రాలిన గింజలు ఏరుకు తినడానికి మందను ఊరి నుంచి ఊరికి తోలుకుంటూ పోతుంది. అప్పుడు కూచిపూడి దగ్గర ఒక చెరువు పక్కన గుడారం వేసుకుని ఉంది. ఆఫీసంతా ఆవిణ్ణి బాతులమ్మ అనేది కాబట్టి నేనూ అలాగే అంటాను.

"కొత్త పిట్ట వస్తే తోలెయ్యొచ్చు కదమ్మా," అన్నాను.

బాతులమ్మ లేచి నిలబడింది. "తోలితే జైలని మైకులో అరిచింది మీరు కాదూ? దాన్ని కసురుకుందామంటే కూడా భయమేస్తంది. సంకురాత్రి ముందు వచ్చిందండీ. ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఒక్కటే వచ్చింది. పోన్లే పాపం, రెండు రోజులుండి పోద్దనుకున్నా. ఇల్లరికం అల్లుడల్లే తిష్ఠ వేసింది. తవుడు పెడితే ముందు అదే తినాల. దారిలో ముందు అదే నడవాల. నా బాతులకేం పొయ్యేకాలమో, దాని ఎనకమాల పడినయ్!"

"పడితే నష్టమేంటమ్మా?"

"నష్టమేంటా? అల్లుడుగారు దొడ్లో పడుకోరు కదండీ. చెరువు నడిమధ్య నిలబడి నిద్రపోతారు. ఈ సిగ్గులేనియ్యన్నీ పోయి చుట్టూ చేరతయ్. చేరి తెల్లారేసరికి గుడ్లన్నీ నీళ్ళలో పెడతయ్. నేను బుట్ట పట్టుకుని చెరువులో మునగాలా?"

నాకు నవ్వొచ్చింది కానీ ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. గుడ్లే ఆవిడ బతుకు. ప్రభుత్వం మాట విన్నందుకు ఆవిడకు ఈ గతి పట్టింది.

సాయంత్రానికే పశువైద్యుణ్ణి బతిమాలి జీపెక్కించాను. ఇంటికొచ్చి మేత తింటోంది కాబట్టి ఆయన సిద్ధాంతం ప్రకారమే అది ఆయనది కూడా. చెరువు గట్టు మీద బైనాక్యులర్స్ పెట్టి చూశాం. గోధుమరంగు బాతుల సముద్రం మధ్య బూడిదరంగులో ఒక పెద్దబాతు. తల మీద రెండు నల్ల పట్టీలు, పసుపు ముక్కు, నారింజ కాళ్ళు. హిమాలయాల మీదుగా ఎగిరి వచ్చే జాతి. మెడ నిటారుగా పెట్టి, తనిఖీకి వచ్చిన కలెక్టరులా అటూ ఇటూ చూస్తోంది. అది తల తిప్పిన వైపు మందంతా తల తిప్పుతోంది.

"రెక్కకు దెబ్బేం లేదు," అన్నాడు డాక్టరు చాలాసేపు చూసి. "ఒళ్ళు చేసింది. తిని తిని బరువెక్కింది. అందుకే ఎగరట్లేదు. మేత తగ్గించాలి, నడిపించాలి."

నాకు ఇది చాలా సబబుగా తోచింది. మా ఇంట్లో మా ఆయనకు డాక్టరు చెప్పిందీ అదే. బాతులమ్మకు అలాగే చెప్పాం. పెద్దబాతుకు తవుడు బంద్. మందను రోజూ పొద్దునా సాయంత్రం కాలవ గట్టు రోడ్డు మీద నడిపించాలి. ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, "అట్టాగేలెండి," అంది.

ఈలోగా దాన్ని పట్టుకుని వేరే చోట వదలడానికి అనుమతి కోరుతూ పైకి రాశాను. సదరు పక్షి స్థిర నివాసం ఎక్కడో తెలియజేయవలసిందని జవాబు వచ్చింది. భాగస్వాముల సమావేశం పెడితే, గౌరవ సభ్యులు బాతు విషయమై తీవ్ర ఆందోళన వ్యక్తం చేసి భోజనానికి లేచారు. రోజులు గడుస్తున్నాయి. ఎండ చిటచిటలాడుతోంది. దాని తోటి పక్షులన్నీ ఒక్కొక్క గుంపుగా వెళ్ళిపోతున్నాయని పేపర్లో చూశాను. చల్లటి దేశపు పక్షి, బెజవాడ మే నెల ఎలా తట్టుకుంటుంది? ఫైలు కదిపే మనిషినైన నాకు, ఆ పక్షి గురించి మొదటిసారి నిద్ర పట్టలేదు.

అంతలో మా సారు హుషారుగా పిలిచారు. జాతీయ ప్రణాళిక వర్క్‌షాపు విజయవాడలోనే పెడుతున్నారు. ఢిల్లీ నుంచి పెద్ద అధికారిణి ఒకరు వస్తున్నారు. ముందురోజు ఆవిడకు క్షేత్రస్థాయిలో ఏదైనా చూపించాలి.

"మన బాతులమ్మను చూపిద్దాం. ప్రజల భాగస్వామ్యం అంటే అదే కదా! ఆవిడకో శాలువా కప్పుదాం," అన్నారు.

"సార్, ఆవిడ మన మీద ఫిర్యాదు చేసింది."

"శాలువా కప్పాక ఎవరూ ఫిర్యాదు చెయ్యరమ్మా."

ఆ రోజు కారులో ముందు సీట్లో నేను, వెనక ఢిల్లీ మేడం, మా సారు. మా వెనక వ్యానులో భాగస్వాములందరూ. మేడం తక్కువ మాట్లాడే మనిషి. ఒళ్ళో లావుపాటి ఫైలు, ముక్కు మీద గుండ్రటి కళ్ళజోడు. సారు ఆవిడతో ఇంగ్లీషులో డెల్టా గొప్పలు చెబుతూ, మధ్యమధ్యలో తెలుగులో నాతో సలహా సంప్రదింపులు చేస్తున్నారు.

"ఆ కళ్ళజోడు చూస్తే ఆడిట్ పార్టీ గుర్తొస్తోందమ్మా. ఉయ్యూరులో ఆపి చెరకు రసం పట్టిద్దాం. కడుపు చల్లబడితే ప్రశ్నలు తగ్గుతాయి."

ఉయ్యూరులో రసం తాగి, "చాలా బాగుంది," అని ఇంగ్లీషులో అన్నారు మేడం. "చూశావా?" అన్నట్టు సారు నాకు కన్ను గీటారు.

పామర్రు దాటి కూచిపూడి వైపు కొంతదూరం పోయాక కాలవ గట్టు మీద కారు ఆగిపోయింది. ఎదురుగా రోడ్డు నిండా బాతులు. అన్నిటికంటే ముందు, మెడ నిక్కించి, మా కారుకేసి ఠీవిగా నడిచి వస్తోంది పెద్దబాతు. మా వ్యాయామం ఉత్తర్వులు ఇంత శ్రద్ధగా అమలవుతాయని నేను ఊహించలేదు.

వెనక వ్యానులోంచి భాగస్వాములు, మా కారులోంచి మేడం దిగారు. కళ్ళజోడు సర్దుకుని, "అది హిమాలయాల పెద్దబాతు కదూ?" అని అడిగారు.

"అవును మేడం. వలస పక్షి," అన్నారు సారు.

"నడుస్తోందేం?"

 సారు గుండె నిబ్బరం చేసుకుని, "వలస వెళ్తోంది మేడం. మా డెల్టాలో రోడ్లు బాగుంటాయి," అన్నారు.

ఇక లాభం లేదని నేనే ఉన్నదంతా చెప్పేశాను. గుడ్ల సంగతి, డాక్టరు గారి తవుడు నిషేధం, నడక, అన్నీ. మేడం ముఖం మాడిపోయింది.

"మేత మానిపించారా? ఈ పక్షులు బయల్దేరే ముందు కడుపారా తిని కొవ్వు పట్టాలి. ఆ కొవ్వే వాటికి దారిబత్తెం. ఇది తోడు తప్పిపోయి ఇక్కడ ఉండిపోయింది. దీన్ని మీరు ఎగరమని పస్తులు పెట్టారా?"

డాక్టరు కాలవలోకి చూస్తున్నాడు. దూకుదామా అని కాబోలు.  వెనక నుంచి కర్ర పట్టుకుని వస్తున్న బాతులమ్మకు నేను ఆ మాట తెలుగులో చెప్పాను. "తప్పయిపోయిందమ్మా. తవుడు పెట్టాలంట."

బాతులమ్మ తల దించుకుంది. "నేనసలు మానేస్తేగా!"

"ఏంటీ?"

"మీరటు జీపెక్కారో లేదో, అది నా ముందుకొచ్చి నిలబడి చూసిందండీ. అట్టా చూస్తంటే నాకు ముద్ద దిగుద్దా? పెట్టాను. ఆ రోజు నుంచి పెడతానే ఉన్నా. పెట్టకపోతే పిక్క పట్టుకుని పొడుస్తందండీ కూడాను," అని చీర కొంచెం ఎత్తి గాటు చూపించింది.

మా సారు ఇదే అదననుకుని శాలువా విప్పారు. సరిగ్గా అప్పుడే మా వెనక చెరకు లోడుతో వచ్చిన లారీ ఆగి, దారి ఇమ్మని హారన్ కొట్టింది. అది మామూలు హారన్ కాదు. రెండు గొంతులతో బొంగురుగా, సాగదీసి "హాంక్... హాంక్" అంటుంది.

పెద్దబాతు ఉలిక్కిపడింది. మెడ చాచి, "హాంక్!" అంది.

లారీ డ్రైవరుకు కోపం వచ్చి మళ్ళీ కొట్టాడు. పెద్దబాతు మళ్ళీ బదులు పలికింది. చలికాలం నుంచి తన భాషలో మాట్లాడే ప్రాణి దానికి ఇదే మొదటిసారి కనిపించింది. రెక్కలు చాచి, మా కాళ్ళ మధ్య నుంచి లారీ వైపు పరుగెత్తింది. దాని వెనక బాతులు. బాతుల వెనక బాతులమ్మ. శాలువా కాళ్ళకు చుట్టుకుని మా సారు గట్టు మీద కూలబడ్డారు. లారీ డ్రైవరు భయపడి హారన్ మీద చెయ్యి తియ్యడం మర్చిపోయాడు.

ఆ పరుగులో పెద్దబాతు కాళ్ళు నేల వదిలాయి. లారీ మీది చెరకు గడల్ని రాసుకుంటూ లేచింది. లేచిన వైపు, పొలానికి అడ్డంగా కరెంటు తీగలు.

అందరం నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయాం. అది బరువుగా, మెల్లగా, నేరుగా తీగలకేసే పోతోంది.

"పైకి! పైకి!" అని ఎవరో గావుకేక పెట్టారు. చూస్తే కరెంటు ఇంజినీరు. రెండు చేతులూ ఎత్తి ఎగురుతున్నాడు. "అమ్మా, పైకమ్మా! పైకి!"

కాళ్ళు తీగలకు తగిలాయేమో అన్నంత దగ్గరగా, దాటేసింది. కాలవల ఇంజినీరూ మత్స్యశాఖ ఆయనా ఒకరినొకరు కావలించుకున్నారు. పెద్దబాతు పొలాల మీద ఒక చుట్టు తిరిగి, సముద్రం వైపు సాగిపోయింది.

"హిమాలయాలు అటు కాదేమో కదా," అన్నారు సారు, కింద కూర్చునే.

"తీరం దగ్గర దాని జాతివి ఇంకా ఉంటాయి. వాటిని కలుసుకుంటుందని ఆశ," అన్నారు మేడం.

బాతులమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చుక్కంత అయ్యేదాకా చూసింది. "పీడ వదిలింది," అంది. అని ముక్కు చీదుకుంది.

కానీ అసలు పీడ అప్పుడే మొదలైంది. నాయకుడు పోయేసరికి బాతులు రోడ్డు మీద ఎక్కడివక్కడే నిలబడిపోయాయి. అదిలిస్తే గుండ్రంగా తిరుగుతున్నాయి. అటు చెరకు ట్రాక్టర్లు, ఇటు బస్సు ఆగిపోయాయి. సాయంత్రం ఎండ వాలుతోంది. మందను చెరువు పక్కన దొడ్డికి చేర్చడం ఆవిడ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు.

బాతులమ్మ చుట్టూ చూసింది. ప్యాంట్లు వేసుకున్న మగాళ్ళు బోలెడుమంది ఊరికే నిలబడి ఉన్నారు.

"ఏవండోయ్, కరెంటాయనా, అటు నిలబడండి! డాక్టరుగారూ, మీరా కాలవ పక్కన. జారనియ్యమాకండి. పెద్దసారూ, ఆ గుడ్డ ఊపండి, దానికి భయపడతయ్!" సారు సన్మానం శాలువా ఊపసాగారు. "ఇదిగో, కళ్ళజోడమ్మా! నిన్నేనమ్మా. ఆ ఫైలు అవతల పారేసి చేతులు చాపు!"

మేడం గభాలున ఫైలు కారులో పడేసి చేతులు చాచారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. దగ్గరికి పరుగెత్తి ఇంగ్లీషులో, "ఆవిడ మీ సహకారానికి ధన్యవాదాలు చెబుతోంది మేడం," అన్నాను.

మేడం నాకేసి చూసి, చక్కటి తెలుగులో అన్నారు. "ఫైలు పారెయ్యమంది. నేను బరంపురంలో చాలాకాలం పనిచేశానమ్మా. చెరకు రసం బాగుంది కానీ, ప్రశ్నలు మాత్రం తగ్గలేదని మీ సారుకు చెప్పండి."

సారు శాలువా ఊపడం ఆపేశారు. "ఊపండి, ఊపండి," అన్నారు మేడం.

అలా అన్ని శాఖలూ కలిసి కాలవ గట్టు మీద బాతుల్ని తోలుకుంటూ నడిచాం. కాలవల ఇంజినీరు చెరువులో మోకాలు లోతు దిగబడ్డాడు. ఆ చెరువు అక్కడ ఉందని ఆయనకు అప్పటిదాకా పటం మీదే తెలుసు. మత్స్యశాఖ ఆయన చంకలో కుంటుతున్న బాతొకటి. అందరం బురదలో, చెమటలో, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ దొడ్డి తలుపు మూసేసరికి, ఎందుకో అందరికీ నవ్వు ముంచుకొచ్చింది. తెల్లారి గుడ్లు పొడినేల మీదే పెట్టాయని బాతులమ్మ ఫోన్ చేసి చెప్పింది.

ఆ పూటే వర్క్‌షాపు. నా పక్కన కూర్చున్న కరెంటు ఇంజినీరు ఎవరూ అడగకుండానే లేచి, ఆ చెరువు దగ్గర తీగలకు పక్షులకు కనబడేలా బిళ్ళలు తగిలిస్తానన్నాడు. ఆ చెరువులో వేసవి దాకా నీళ్ళుంచే వీలు చూస్తానన్నాడు కాలవల ఇంజినీరు. బిళ్ళలు తగిలించాడు కూడా. నీళ్ళ సంగతి ఒక్కో ఏడు ఒక్కోలా ఉండేది. పెద్దబాతు తన వాళ్ళను కలుసుకుందో లేదో నాకు తెలియదు. కలుసుకుందనే అనుకుంటాను. పొడవడంలో దాని పట్టుదల నేను చూశాను కదా.

మీకు ఉద్యోగంలో పనికొస్తుందని ఒక్కటి చెబుతాను. భాగస్వామ్యం గురించి నేను రాసిన కాగితాలన్నీ కలిపితే ఒక బీరువా నిండుతుంది. అవేవీ ఆ ఇంజినీర్ల చేత ఒక్క బిళ్ళ తగిలించలేకపోయాయి.

పర్యటన మినిట్స్ రాయడానికి మాత్రం చాలా అవస్థ పడ్డాను. జరిగింది జరిగినట్టు రాస్తే సారుకు బాగుండదు. చివరికి, "సభ్యులందరూ క్షేత్రస్థాయిలో ఒకే దిశలో కృషి చేశారు" అని రాసి పంపాను.

వారం తిరక్కుండా మేడం సంతకంతో ఢిల్లీ నుంచి ప్రశ్న వచ్చింది. ఏ దిశలోనో స్పష్టం చేయవలెనని.

సారునడిగితే, నీ ఇష్టం అన్నారు. నేను జవాబు రాసి ఆ రోజు టపాలోనే పంపేశాను.

"దొడ్డి దిశలో."